పత్తి రైతుల ముందు మాట్లాడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం మీ రైతు వేదికలో, పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు గురించి చేయబోయే ప్రసంగం కాగితాలు చదివాను. అందులోని శాస్త్రం సరైనదే. కాని అది నీకు పరీక్ష పెట్టే ఆచార్యుల కోసం రాసినట్టుంది గాని, ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి పండించే మనిషి కోసం రాసినట్టు లేదు.

ముందుగా అక్కడ ఎవరుంటారో తెలుసుకో. సాధారణంగా ముందు వరుసలో సొంత భూమి ఉన్నవారు కూర్చుంటారు, కౌలు రైతులు తలుపు దగ్గర నిలబడతారు. పత్తి ఏరే ఆడవాళ్లు పగటి సమావేశానికి రానే రారు, ఎందుకంటే వారికి కూలి ఏరిన కిలోల లెక్కన వస్తుంది. అయినా, రేకులు విచ్చుకోని గుడ్డి పూలు, పుచ్చిన కాయలు అందరికంటే ముందు కంటపడేది వారికే. వీలైతే సమావేశాన్ని సాయంత్రానికి మార్పించు. కాకపోతే ముందురోజు చేలోకే వెళ్లి వారితో మాట్లాడు. గోండు గూడేల నుంచి, మరాఠీ మాట్లాడే ఊళ్ల నుంచి ఎందరు వస్తారో కనుక్కొని, వారి భాషలో చెప్పగల రైతును పక్కన ఉంచుకో.

నువ్వు 'ఆర్థిక నష్ట పరిమితి 10 శాతం' అని రాశావు, అంటే నూటికి పది కాయల్లో పురుగుంటే మందు కొట్టాలని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే హెక్టార్లలో, శాతాల్లో అరగంట చెబితే, చివరికి ఒక ముసలి రైతు లేచి, "సారూ, ఎకరానికి ఎన్ని బుట్టలు పెట్టాలె, ఎవరిస్తరు?" అని అడిగాడు. అతను అడిగింది మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల సంగతి. నేను చెప్పనిది ఆ రెండు ముక్కలే. నువ్వు 20 పచ్చి కాయలు పట్టుకెళ్లి వారి చేతనే చీల్పించు. రెండింటిలో పురుగు కనిపిస్తే మందు కొట్టే సమయం వచ్చినట్టేనని చెప్పు.

"బీటీ విత్తనమే వేశాం కదా, పురుగెందుకొచ్చింది?" అని తప్పక అడుగుతారు. పురుగును చంపే రెండు జన్యువులు చొప్పించి 2006లో తెచ్చిన బీటీ విత్తనాన్ని కూడా ఈ పురుగు తట్టుకోవడం నేర్చిందని సూటిగా చెప్పు. తప్పంతా రైతుదే అన్నట్టు మాత్రం మాట్లాడకు.

అన్నిటికంటే కష్టమైనది, డిసెంబరు చివరికి పంట తీసేయమని చెప్పడం. చేలో మిగిలిన కాయల్లో, కట్టెల్లో పురుగు నిద్రావస్థలో దాగి మరుసటి పంటకు పాకుతుందన్న కారణం నీకు తెలుసు. నీటి వసతి ఉన్న రైతు పత్తి తీసి జొన్నో మరొకటో వేసుకోగలడు గనుక, ఆ మాట అతనికి భారం కాదు. కౌలు ముందే కట్టి, విత్తనాలూ మందులూ అప్పు మీద తెచ్చుకున్నవాడికి మాత్రం చివరి ఏరుడే చేతికొచ్చే నాలుగు రూపాయలు. అతను నీ ఎదుట తల ఊపి, ఇంటికెళ్లి పంట ఉంచుకుంటాడు. అతనికి అది మొండితనం కాదు, అవసరం. కాబట్టి ఆ ఊరి ధరలతోనే లెక్క వెయ్యి: చివరి ఏరుడులో ఎన్ని కిలోలు వస్తాయి, పుచ్చిన పత్తికి వ్యాపారి ఎంతిస్తాడు, అందులో ఏరుడు కూలి, మందుల ఖర్చు ఎంత పోతాయి. ఎంతోకొంత మిగిలేటట్టుంటే దాచకు, ఆ నష్టాన్ని నువ్వు ఒప్పుకున్నాకే తీసేయమని అడుగు.

ఆ లెక్కతోనే ప్రసంగం మొదలుపెట్టి, మళ్లీ రాసి, సమావేశానికి రెండు రోజుల ముందు నాకు పంపు.

నీ పెదనాన్న