శాంపిళ్లు తీసుకుపోయారు, ఏం తేలిందో చెప్పలేదు

ప్రశ్న: అక్కా, మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. నాలుగేళ్ల కింద ఒక కాలేజీ వాళ్లు వచ్చి మా పిల్లల్ని బడి వరండాలో కూర్చోబెట్టి పళ్లు చూశారు. చిన్న డబ్బాలిచ్చి ఇద్దరి మూత్రం పట్టించుకుపోయారు, బోరు నీళ్లు కూడా పట్టుకున్నారు. నాతో ఒక కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు, అదంతా ఇంగ్లీషులో ఉంది. మళ్లీ ఎవరూ రాలేదు, ఏం తేలిందో చెప్పలేదు. ఇప్పుడు ఇంకో బ్యాచ్ వస్తుందట. మా ఆయన ఈసారి వద్దే వద్దంటున్నాడు. ఇవ్వాలా, వద్దా?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: చెల్లీ, మీ ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆ మూత్రం ఎందుకు తీసుకున్నారో తెలిస్తే నీకూ కోపం వస్తుంది. మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది మోతాదు మించితే పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. అలా నీళ్లతో తాగిన ఫ్లోరైడ్‌లో కొంత ఎముకల్లో, పళ్లలో చేరిపోతుంది, మిగతాది ఎక్కువగా మూత్రంలో బయటికి పోతుంది. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు పిల్లాడు పసితనంలో ఏ నీళ్లు తాగాడో చెబుతాయి. మూత్రం అలా కాదు, ఈ మధ్య ఏం తాగాడో, ఏం తిన్నాడో చెబుతుంది. అంటే అందులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని ఆ రోజే మీకు చెప్పి ఉంటే, ఆ నెల నుంచే వంటకు, టీకి బోరు నీళ్లు మానేసేవాళ్లు. ఆ నాలుగేళ్లూ పిల్లలు పెరిగే ఏళ్లు. అందుకే బాధనిపిస్తుంది నాకు.

మా అమ్మమ్మది కూడా ఆ వైపే. బస్సు బోర్డు చదవడానికి ఆమె తల పైకెత్తలేకపోయేది, ఒక్క మెడ తిప్పడం రాక ఒళ్లంతా పక్కకు తిప్పి చూసేది. వెన్నెముక బిగుసుకుపోయింది. ఎవరూ ఆమె మూత్రం పరీక్షించలేదు, బోరూ పరీక్షించలేదు. అందుకే పరిశోధనే వద్దని నేను చెప్పలేను.

ఎందుకంటే ఇలా జనం ఇచ్చిన శాంపిళ్ల నుంచే చాలా సంగతులు తెలిశాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది నల్లగొండ వైపు పిల్లల గురించే, మోకాళ్లు లోపలికి తిరిగి నడిచేటప్పుడు ఒకదానికొకటి తగిలే పిల్లల గురించి. అదే సంస్థ వాళ్లు 1977లో, జొన్న తిండి మీద ఉన్నవాళ్ల ఒంట్లో బియ్యం తినేవాళ్ల కన్నా ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని చూపించారు. (జొన్నరొట్టె మానేయకు తల్లీ, తప్పు నీళ్లది. నీళ్లు మంచివైతే జొన్న మంచిదే.) 2002లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో బడి వయసు మగపిల్లలకు 18 రోజులు రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన పచ్చిపులుసులో కూడా అంత పని ఉందని చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది, కాకపోతే అది మందు కాదు, మంచి నీళ్లకు బదులూ కాదు. ఈ మూడూ ఇంగ్లీషు పత్రికల్లో ఉన్నాయి, శాంపిల్ ఇచ్చిన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి ఇవ్వు, కానీ ఊరికే ఇవ్వకు. భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమాల్లో నీ వైపు చాలా ఉంది. వివరాల కాయితం నీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, సంతకం పెట్టిన దాని కాపీ నీకివ్వాలి. చదువు రానివాళ్లు ఉంటే ఆ బృందానికి సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. ఏడేళ్లు దాటిన పిల్లల్ని మీ ఒప్పుకోలుతో పాటు వాళ్లనూ అడగాలి. మధ్యలో వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చు, దానివల్ల మీకు రావాల్సిన వైద్యం ఏదీ ఆగకూడదు. ఆ కాయితంలో ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధన న్యాయంగా జరుగుతోందో లేదో చూసే కమిటీ, ఫోన్ నంబర్ ఉంటుంది, ముందు అది చూడు. తర్వాత అందరి ముందూ ఒక్క మాట అడుగు: "నా పిల్లల రిపోర్టు నా చేతికి ఎప్పుడిస్తారు?" తేదీ చెప్పించి, కాయితం మీద రాయించుకో. రాయనంటే డబ్బా తిరిగిచ్చెయ్.

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాది. నల్లా నీళ్లు రాని రోజు బోరు నీళ్లే మరగబెట్టి తాగుతున్నాం. సరిపోతుందా? ఊళ్లో సోలార్‌తో నడిచే ఆర్ఓ ప్లాంటు పెడతామని ఒకాయన తిరుగుతున్నాడు, నమ్మొచ్చా?
– ఒక రైతు

జవాబు: పెద్దాయనా, మరగబెట్టినా సరే, ముందు ఆ బోరు నీళ్లు తాగడం ఆపండి. మరిగితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది.

ఆర్ఓ అయితే ఫ్లోరైడ్ తీస్తుంది. అందులో ఉండే సన్నటి పొర గుండా నీళ్లు నెట్టడానికి మోటారు ఒత్తిడి కావాలి, అందుకే కరెంటు. ఆ కరెంటు సోలార్ పలకల నుంచి వస్తే బిల్లు బాధ తగ్గుతుంది, మంచిదే. కానీ ఆయన్ని రెండు సంగతులు అడగండి. ప్లాంటు బయటికి వదిలే నీళ్లు ఎక్కడికి పోతాయి? వాటిలో ఫ్లోరైడ్ బోరులో కన్నా ఎక్కువ, అదే బోరు పక్కన గుంటలో వదిలితే మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. రెండోది, పొర పాడైతే మార్చే డబ్బు ఎవరిది? పలకలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి, పొరలు అంత కాలం రావు.

కరెంటు లేకుండా ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి మన జిల్లా పేరు మీదే ఉంది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970లలో తయారుచేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి తేరనిస్తారు, పటికతో ఏర్పడే మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది, పై నీళ్లు వంచుకుంటారు. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ పాఠం చెప్పినా ఈ పేరు వస్తుంది. అయితే పటిక ఎంత వేయాలన్నది మీ నీళ్ల ఫ్లోరైడ్‌ను, క్షారాన్ని బట్టి మారుతుంది. చేతి అంచనాతో వేస్తే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. పరీక్ష లేకుండా ఇంట్లో మొదలుపెట్టకండి. అప్పటిదాకా నల్లా వచ్చిన రోజే తాగడానికి, వంటకు రెండు రోజులకు సరిపడా పట్టి మూతపెట్టుకోండి, బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు వాడండి.

ప్రశ్న: అక్కా, పాలమూరులో డిగ్రీ చదువుతున్నా. ప్రాజెక్టుకు మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ చూద్దామనుకుంటున్నా. ఎలా మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: చాలా మంచి ఆలోచన. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పవచ్చు. కడిగిన ప్లాస్టిక్ సీసాలు తీసుకో. బోరు కాసేపు నడిచాక పట్టు, సీసా మీద తేదీ, బోరు ఎవరిది, ఎన్ని అడుగుల లోతు అన్నీ రాయి. మన గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, నీళ్లు ఎంత కాలం ఆ రాళ్ల మధ్య నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది, అందుకే లోతు సంగతి వదలకు. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి తీస్తే ఇంకా బాగుంటుంది. పరీక్ష జిల్లా గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో చేయించవచ్చు, మీ లెక్చరర్‌తో ఉత్తరం రాయించుకుని వెళ్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే సరే, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు, అది మన దేశ ప్రమాణం.

రిపోర్టు కాలేజీకి ఇచ్చే ముందు సర్పంచ్‌ను అడిగి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించు. ఏ బోరు, ఎంత ఫ్లోరైడ్, తాగొచ్చా లేదా.