మెర్స్క్ ఓడలన్నీ మెర్స్క్‌వేనా?

"మెర్స్క్‌కి 700 ఓడలున్నాయంటారు, అన్నీ సొంతవేనా? మేం బుక్ చేసింది ఒక లైన్ దగ్గర, ట్రాకింగ్‌లో ఇంకో కంపెనీ ఓడ కనిపిస్తోందేం?" అని అడిగారు.

మెర్స్క్ అంటే కంటైనర్ పెట్టెల్ని సముద్రం మీద మోసే డెన్మార్క్ కంపెనీ. ఇలాంటి ఓడ కంపెనీలనే లైన్లంటాం. దాని ఓడలన్నీ సొంతవి కావు. ఇక రెండోదానికి కంగారు పడకండి. చెన్నై పారీస్ కార్నర్‌లో ఒక ఫార్వర్డర్ (ఎగుమతిదారుల తరఫున ఓడల్లో చోటు బుక్ చేసి సరుకు పంపే ఏజెంటు) ఆఫీసులో 11 ఏళ్లుగా బి.ఎల్. (బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు అందుకున్నాం, మోస్తాం అని రాసిచ్చే కాగితం) డ్రాఫ్టులు దిద్దుతున్నాను. ఈ ప్రశ్న నెలకోసారైనా ఫోన్లో వస్తుంది.

మాకు గుంటూరు మిర్చి పంపే అన్న ఒకాయన ఉన్నాడు. ఓసారి ఇంటర్నెట్‌లో ఓడ బొమ్మ వెతికి వాట్సాప్‌లో పెట్టి, వెంటనే ఫోన్ చేశాడు. "తమ్ముడూ, డబ్బు కట్టింది వీళ్లకి, సరుకెక్కింది వాళ్ల ఓడా? మధ్యలో ఎవడు తిన్నాడు?"

"అన్నా, మీ సరుకు గుంటూరు నుంచి తెచ్చిన లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల సొంతమా?"

"కాదు, ఎటాచ్ లారీ. వేరేవాడిది, అద్దెకి పెట్టుకున్నారు."

"ఇదీ అంతే."

నిజంగా అంతే. టైమ్ చార్టర్ అంటారు. ఓడ యజమాని ఓడనీ, కెప్టెన్‌తో సహా సిబ్బందినీ ఇస్తాడు, రిపేర్లు ఆయనవే. లైన్ రోజుకింత అని అద్దె కట్టి, ఆయిలూ పోర్టు ఖర్చులూ తనే పెట్టుకుంటుంది. కొత్త ఓడ కట్టించాలంటే రెండు మూడేళ్లు పడుతుంది, ఆలోగా ఫ్రైట్ రేట్లు (సరుకు రవాణా ధరలు) ఎక్కడుంటాయో ఎవరికి తెలుసు? అద్దె ఓడైతే గడువు తీరగానే వదిలేయొచ్చు. మెర్స్క్ నడిపే 700 పైచిలుకు ఓడల్లో, ఓడల లెక్కన చూస్తే అద్దెవే ఎక్కువ. మోయగల పెట్టెల లెక్కన చూస్తే మాత్రం సొంతవే ఎక్కువ, ఎందుకంటే పెద్ద పెద్దవి చాలావరకు వాళ్లే కట్టించుకున్నారు. 2013లో దింపిన 400 మీటర్ల ట్రిపుల్-ఈ ఓడలు 18,000 పైన ఇరవై అడుగుల పెట్టెలు మోస్తాయి. ఆ సైజువి మన చెన్నై హార్బర్‌లోకి రావు లెండి. మన పెట్టెల్లో ఎన్నో చిన్న ఓడల్లో కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి అక్కడ మారతాయి. (అన్నట్టు, ఇప్పుడు నంబర్ వన్ మెర్స్క్ కాదు. 2022 జనవరిలోనే స్విట్జర్లాండ్ లైన్ ఎంఎస్‌సీ దాటేసింది.)

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో వంతెనను గుద్దిన డాలీ అనే ఓడ గుర్తుందా? మెర్స్క్ అద్దెకి తీసుకున్న ఓడ, పైనున్నది మెర్స్క్ కస్టమర్ల సరుకు. ఓడ సింగపూర్‌లోని గ్రేస్ ఓషన్‌ది. సిబ్బందిని పెట్టి ఓడని చూసుకున్నది సినర్జీ మెరైన్. సిబ్బందిలో దాదాపు అందరూ మన దేశం వాళ్లే. పోతున్నది కొలంబోకి. ఒక్క ఓడకి ఇంతమంది.

ఇది కాక లైన్లు ఒకరి ఓడలో ఒకరు చోటు పంచుకుంటాయి. మెర్స్క్, ఎంఎస్‌సీ కలిసి 2015 నుంచి 2025 జనవరి దాకా 2ఎం పేరుతో అలాగే నడిపాయి. ఆ ఫిబ్రవరి నుంచి మెర్స్క్ జర్మనీ లైన్ హపాగ్-లాయిడ్‌తో కలిసి జెమిని అనే పొత్తు మొదలుపెట్టింది. కాబట్టి మెర్స్క్‌లో బుక్ చేసిన పెట్టె హపాగ్-లాయిడ్ ఓడెక్కితే అందులో మోసం లేదు.

మీరు చూడాల్సింది ఓడ మీద పేరు కాదు, బి.ఎల్. మీద క్యారియర్‌గా (సరుకు మోసే బాధ్యత ఉన్నవాళ్లుగా) ఎవరున్నారన్నది. మరోసారి ఇదే అన్న పెట్టెని (వేరే లైన్, పేరెందుకు) కొలంబోలో రెండో ఓడ ఎక్కించకుండా 19 రోజులు యార్డులో పడేశారు. ఆయన ఓడ ఓనరెవరో కనుక్కుని మెయిల్ పెడతానని కూర్చున్నాడు. వద్దు అన్నా, మనకీ ఓడ ఓనర్‌కీ మధ్య కాగితం లేదు, బి.ఎల్. రాసిన లైన్ మెడ మీదే కూర్చోవాలన్నాను. కూర్చున్నాం, పెట్టె కదిలింది. ఇంకో మెలిక: మీ చేతిలో ఉన్నది లైన్ బి.ఎల్. కాక మాలాంటి ఫార్వర్డర్ తన పేరు మీద ఇచ్చిన హౌస్ బి.ఎల్. అయితే, మీకు జవాబు చెప్పాల్సింది ముందు ఆ ఫార్వర్డరే. ఈ ముక్క మా ఫార్వర్డర్లు తమంతట తాము చెప్పరు.

అయినా ఓనరెవరో తెలుసుకోవాలని దురదగా ఉంటే ఐఎంఓ నంబర్ (ప్రతి ఓడకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) పట్టుకోండి. ఏడంకెలు. పేరు మారినా, జెండా మారినా, ఓనర్ మారినా అది మారదు. ఓడల వివరాలుండే ఈక్వాసిస్ సైట్లో ఉచితంగా రిజిస్టర్ అయి, ఆ నంబర్ కొడితే ఓనరూ మేనేజరూ వచ్చేస్తారు. ఓసారి హార్బర్ పాస్ మీద ఓడలు ఆగే బెర్త్ దాకా వెళ్లినప్పుడు ఒక పాత ఫీడర్ ఓడ (పెద్ద రేవులకి పెట్టెలు చేరవేసే చిన్న ఓడ) ముక్కు కింద నిలబడి చూశాను. మామూలుగా ఓడ పేర్లు ఉత్త రంగుతో రాయరు, అక్షరాల అంచుల్ని రేకు మీద వెల్డింగ్‌తో ఉబ్బెత్తుగా గీస్తారు. పేరు మార్చినప్పుడు పైన రంగు పూసేశారు గానీ, సాయంత్రపు ఏటవాలు ఎండలో కొత్త పేరు కింద పాత పేరు, దాని కింద ఇంకో పేరు లీలగా కనిపించాయి. అన్నకి ఆ ఫొటో పంపాను. అప్పట్నుంచి ఓడ బొమ్మలు పంపడం మానేసి నంబర్ అడుగుతున్నాడు.