మావారు పంపేవన్నీ చూడలేకపోతున్నాను

నా వయసు 46. పుట్టి పెరిగింది గుంటూరులో, ఇప్పుడు ఉంటున్నది విశాఖపట్నంలో. మావారు ప్రభుత్వ ఉద్యోగి. తాగుడు, పేకాట లాంటివేమీ లేవు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే, ఇంటర్నెట్‌లో వింతలూ విశేషాలూ ఏరడం. పాత రైలు టైంటేబుళ్లు, ఎక్కడో ఎడారిలో బయటపడ్డ ఎముకలు, ఆక్టోపస్‌కు మూడు గుండెలట, నిన్నటికి నిన్న గుంటూరులో గ్రహణం గురించి ఇంగ్లిష్‌లో ఏదో పెద్ద వ్యాసం! రోజుకు పాతిక, ముప్పై లింకులు నాకూ పిల్లలకూ బంధువుల గ్రూపులకూ పంపుతారు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ వదలరు. పొద్దున నేను క్యారియర్లు కట్టే హడావిడిలో ఉంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది. రాత్రి భోజనాల దగ్గర పరీక్ష మొదలు: “పొద్దున పంపింది చూశావా?” లేదంటే ముఖం మాడ్చుకుంటారు. అందుకే “చూశానండీ, బాగుంది” అనేస్తుంటాను. మొన్న “ఏం బాగుందో చెప్పు” అని నిలదీశారు. దొరికిపోయాను. మూడు రోజులు మాటల్లేవు. ఇంటర్ చదివే మావాడు ఆయన్ని మ్యూట్‌లో పెట్టేశాడు. అది ఆయనకు ఇంకా తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మా అన్నయ్యకు షుగర్. కాలికి పుండు పడి ఆస్పత్రిలో ఉన్నాడు. సరిగ్గా అప్పుడే మావారు మా పుట్టింటి గ్రూపులో షుగర్ వల్ల కాళ్లు తీసేయడం గురించి ఫొటోలతో సహా ఒక వ్యాసం పెట్టారు. వదిన గ్రూపులోంచి వెళ్లిపోయింది. నాతో కూడా ముక్తసరిగా మాట్లాడుతోంది. ఆయనేమో “అందులో అబద్ధం ఏముంది? మంచికే పెట్టాను” అంటారు. ఇది జబ్బా? ఎలా మాన్పించాలి?
— ఒక సోదరి, విశాఖపట్నం

అమ్మా, మీ ఉత్తరంలో మీరు విసుగ్గా దాటేసిన ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. గుంటూరులో గ్రహణం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త పనిగట్టుకుని గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసిపడే జ్వాలల కాంతిని పరికరంతో విడదీసి చూశాడు. గ్రహణం లేనప్పుడు కూడా వాటిని చూడవచ్చని మర్నాడే నిరూపించాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో కనిపించిన ఒక పసుపు గీతే హీలియం అనే మూలకానికి మొదటి ఆనవాలు. (హీలియం గుంటూరులో పుట్టిందని ఒక్క ముక్కలో తిరిగే మెసేజిని మాత్రం నమ్మకండి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ కూడా విడిగా ఆ గీతను చూశాడు. అది కొత్త మూలకమే అయి ఉంటుందన్నది ఆయన. భూమ్మీద దాన్ని పట్టుకున్నది 1895లో.)

మీది గుంటూరు. ఆయన రాత్రి ఏ పన్నెండింటికో ఆ వ్యాసం చదువుతూ ‘మా ఆవిడ ఊరే’ అనుకుని ఉంటారని నా ఊహ. అంటే ఆ రోజు పంపిన ముప్పైలో అదొక్కటైనా మీ కోసం ఏరింది. కానీ ఆ మాట ఆయన రాయలేదు. ఆక్టోపస్‌కూ ఎముకలకూ మధ్యలో పడేశారు. మీరు తెరవలేదు, తెరవకపోవడంలో మీ తప్పూ లేదు. ఆయన అలవాటులో నాకు కనిపించే నష్టం ఇదే. ఇష్టంగా తెచ్చిన ఒక్కటి, ఊరికే తెచ్చిన ఇరవై తొమ్మిది కింద నలిగిపోతోంది.

ఏరడం జబ్బు కాదు. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి బైండు చేయించుకున్న ఇళ్లు మనకెన్ని లేవు? పాత డైరీల్లో పేపర్ కటింగులు మైదాపిండి జిగురుతో అంటించి దాచుకున్న మేష్టార్లను నేనే చాలామందిని ఎరుగుదును. అయితే ఆ డైరీ అలమరలో ఉండేది. కావలసినవాళ్లు అడిగి తీసుకునేవారు. ఎవరికైనా పంపాలంటే కార్డు కొనాలి, రాయాలి, డబ్బాలో వేయాలి. అంత శ్రమ ఉంది కాబట్టి ఇది ఎవరికి, ఎందుకు అని మనిషి ఒక్క క్షణమైనా ఆలోచించేవాడు. ఇప్పుడు పంపేవాడికి బొటనవేలు కదిపితే చాలు, శ్రమంతా అందుకున్నవాళ్లదే. విస్తరిలో చోటుందో లేదో చూడకుండా వడ్డించుకుంటూ పోయే మనిషి ఎంత ప్రేమగా వడ్డించినా తినేవాళ్లు చెయ్యి అడ్డం పెట్టక ఏం చేస్తారు? మీవాడు మ్యూట్ చేయడం అంతే.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కొత్తగా పెళ్లయిన జంటల్ని గమనించాడు. ఒకరు “ఇదిగో, అటు చూడు” అని పిలిస్తే రెండోవారు పలుకుతున్నారా లేదా అని లెక్కవేశాడు. ఆరేళ్ల తర్వాత చూస్తే, కలిసి ఉన్న జంటలు అప్పట్లో అలాంటి పిలుపులకు 86 శాతం పలికాయి, విడిపోయినవి 33 శాతమే. ఆ అంకెల్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు గానీ మీ ఇంటి సంగతి అందులో ఉంది. మీవారు పంపే ప్రతి లింకూ ఒక పిలుపే. కాకపోతే రోజుకు ముప్పైసార్లు పిలిస్తే ఏ భార్య పలుకుతుంది? ఆయన పిలుపులు తగ్గాలి, మీరు పలకడం పెరగాలి. రెండూ కలిసే జరగాలి.

మీ వైపు నుంచి ముందు మానేయాల్సింది “చూశానండీ, బాగుంది”. మీరు గొడవ ఎందుకని అన్నారు, నిజమే. కానీ అది నిజమని నమ్మి ఆయన మర్నాడు ఇంకో నాలుగు ఎక్కువ పంపారు. దొరికిపోయిన రోజున ఆయన్ను బాధపెట్టింది ఆ ఒక్క లింకు కాదు, ఇన్నాళ్ల బాగుందిలన్నీ ఉత్తవేనని తెలియడం. ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు, ఫోన్ చేతిలో లేనప్పుడు, ఇలా చెప్పి చూడండి: “అబద్ధం చెప్పడం నా తప్పే. రోజుకు ముప్పై చూడటం నా వల్ల కాదు. మీకు బాగా నచ్చింది ఒక్కటి రాత్రి మీరే నోటితో చెప్పండి. కూర్చుని వింటాను.” చెప్పినట్టే వినండి. ఇంగ్లిష్‌లో ఉన్న పెద్ద వ్యాసం రాత్రి పది గంటలకు ఎవరు చదువుతారు? అదే గ్రహణం సంగతి ఆయన తెలుగులో చెబితే ఐదు నిమిషాలు. పైగా ముప్పైలో ఒక్కటి ఎంచుకోవాలంటే ఆయన కూడా అన్నీ సరిగ్గా చదవాలి. ఇలాంటివాళ్లలో చాలామంది పంపినవాటిలో సగం తామే చదవరని నా అనుమానం. ఈ మాట మాత్రం ఆయనతో అనకండి.

మిగతావి ఎక్కడ పెట్టుకోవాలి? వాట్సాప్‌లో మన నంబరుకు మనమే మెసేజి పంపుకునే వీలుంది. అది ఆయన డైరీ అనుకోండి, ఎన్నయినా దాచుకోవచ్చు. నలుగురికీ పంచాలన్న సరదా తీరకపోతే వాట్సాప్‌లోనే ఒక ఛానల్ తెరుచుకోమనండి. ఇష్టమున్నవాళ్లు చేరతారు, లేనివాళ్లు చప్పుడు లేకుండా వెళ్లిపోతారు, ఎవరి నంబరూ మరొకరికి కనిపించదు. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో అని బ్లూ టిక్‌లు లెక్కపెట్టే అలవాటుంటే అదీ మానిపించండి. ప్రైవసీ సెట్టింగుల్లో రీడ్ రిసీట్స్ ఆపేస్తే మనం చూసినట్టు ఎదుటివాళ్లకూ, వాళ్లు చూసినట్టు మనకూ తెలియదు. గ్రూపుల్లో ఇది పనిచేయదు గానీ ఇంట్లోవాళ్ల వరకు టెన్షన్ తగ్గుతుంది.

మీవాడి సంగతి మీరు బయటపెట్టకండి, వాడినే చెప్పమనండి. “నాన్నా, పరీక్షలయ్యేదాకా మ్యూట్‌లో పెట్టాను” అంటే చాలు. ఇంకెవరి ద్వారానో తెలిస్తే మళ్లీ మూడు రోజుల మౌనం.

ఇక మీ అన్నయ్య విషయంలో నేను మీవారి పక్షాన ఉండలేను. అందులో అబద్ధం లేకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు అశ్రద్ధ చేయకూడదన్నదీ నిజమే. కానీ అది అప్పటికే ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్న మనిషికి చెప్పే సంగతా? డాక్టర్ ఏం చెబుతాడో అని గుండె చేత్తో పట్టుకుని ఉన్నావిడకు ఫోన్ తెరవగానే ఆ ఫొటోలు కనిపించాయి. మంచికే పెట్టారన్నది ఆయన మనసులో ఉంది, ఆమెకు కనిపించింది మాత్రం తెగిన కాలు.

దీన్ని సర్దే పని మీరు నెత్తిన వేసుకోవద్దు. “మావారి స్వభావం అంతే వదినా” అని మీరు సంజాయిషీ చెబితే ఆమె ఇంకా దూరం జరుగుతుంది. ఆయనే ఫోన్ చేయాలి. మెసేజి కాదు, చేతులు జోడించిన బొమ్మ అంతకన్నా కాదు. “అక్కయ్యగారూ, అది ఆ టైంలో పెట్టకూడదు, పొరపాటైంది. బావగారికి ఎలా ఉంది?” అని అడిగి, తర్వాత ఆమె చెప్పేది వినాలి. “మంచికే పెట్టాను గానీ” అన్నారా, ఆ ఫోన్ చేసీ దండగే. వీలుంటే ఒక రాత్రి ఆస్పత్రిలో బావగారి దగ్గర తోడు పడుకుని ఆమెను ఇంటికి పంపమనండి. వదిన మళ్లీ గ్రూపులో చేరుతుందా లేదా అన్నది ఆమె ఇష్టం, బలవంతపెట్టకండి. ఇకమీదట రోగాల గురించిన వ్యాసం ఏదైనా సరే, గ్రూపుల్లో పెట్టనని ఆయన మీకు మాటివ్వాలి. ఈ ఒక్కదానిలో మీరు పట్టు విడవొద్దు.

జబ్బా అని అడిగారు కదా. మీరు రాసినదాంట్లో నన్ను ఆలోచింపజేసింది లింకుల సంఖ్య కాదు, రాత్రి ఒంటిగంట. పొద్దున ఆఫీసుకు వెళ్లే మనిషి రోజూ అలా మేలుకుంటే చిరాకు, ముభావం వాటంతటవే వస్తాయి. ముందు ఫోన్‌ను పడకగది బయట చార్జింగ్‌కు పెట్టే ఏర్పాటు చేయండి. మీ ఫోన్ కూడా అక్కడే పెట్టండి, లేకపోతే ఆయన ఒప్పుకోరు. కొన్నాళ్లు గడిచినా నిద్ర దారికి రాకపోయినా, తగ్గించాలని తానే అనుకుని తగ్గించలేకపోతున్నా, ఆఫీసు పని చెడుతున్నా అప్పుడు సాయం తీసుకోవాలి. ఫోన్, ఇంటర్నెట్ అతిగా వాడేవారి కోసం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ అని ప్రత్యేకంగా నడుస్తోంది. అంతదూరం వెళ్లేముందు మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆయన రానంటే ముందు మీరొక్కరే మాట్లాడవచ్చు.