అప్పు చేసి కెమెరా కొనాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి పెళ్లిళ్లకు వీడియోలు తీస్తుంటాడు. తిరుపతిలో ఒక పట్టుచీరల దుకాణం వారు 30 సెకన్ల ప్రకటన తీయమని 40 వేలకు మాట్లాడుకున్నారు. 'రా'లో (raw – కెమెరాకు అందిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే పద్ధతిలో) తీసే సినిమా కెమెరా ఉంటేనే కుదురుతుందని, మూడు లక్షలు అప్పు తెమ్మంటున్నాడు. తేవాలా? ఈ పనికి భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి

జవాబు: తేవద్దు. నలభై వేల పనికి మూడు లక్షల అప్పేమిటండీ! అలాగని అబ్బాయిని కోప్పడకండి. ఏ ఫార్మాట్‌లో తీయాలా అని తల పట్టుకున్నాడంటే పనిమీద శ్రద్ధ ఉన్నట్టే. కాకపోతే ఆలోచన తోక నుంచి మొదలుపెట్టాడు.

ప్రకటన ఎక్కడ వేస్తారో ముందు దుకాణం వారిని అడగమనండి. కేబుల్ టీవీకి 1920×1080 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు), సెకనుకు 25 ఫ్రేములు చాలు. ఫోన్ల కోసం నిలువు బొమ్మ కూడా కావాలంటే 4కెలో తీయాలి. 3840×2160 ఫ్రేములోంచి 1215 పిక్సెళ్ల వెడల్పున నిలువు ముక్క కోసుకున్నా, ఫోనుకు కావలసిన 1080×1920 అందులో వచ్చేస్తుంది. చీర కట్టుకున్న అమ్మాయి మాత్రం ఫ్రేము మధ్యలోనే ఉండాలి.

చీరల ప్రకటనలో అసలు చిక్కు రంగుతోనే. మా ఇంటి పెళ్లి వీడియోలో మెరూన్ చీర ఇటుక రంగుకు తిరిగింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. 8 బిట్ వీడియోలో ఒక్కో మూలవర్ణానికి 256 మెట్లుంటే, 10 బిట్‌లో 1024 ఉంటాయి. 4:2:0 పద్ధతిలో నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే రంగు నమోదవుతుంది కనుక ఎర్ర పట్టుకూ జరీకీ మధ్య గీత రంపపు పళ్లలా కనిపించవచ్చు. 4:2:2లో రెండింటికి ఒకటి. ఈ పనికి 10 బిట్, 4:2:2 దగ్గర ఆగిపోవచ్చునని నా అభిప్రాయం. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 జీబీ అవుతుంది. 'రా' అయితే సాధారణంగా అంతకు ఎన్నో రెట్లు. దాన్ని మోయగల కంప్యూటర్‌కు మళ్లీ ఇంకో అప్పు! ఇప్పుడున్న కెమెరాలో 10 బిట్ లేకపోతే ఒక రోజుకు అద్దెకు తెచ్చుకుంటే సరి.

షూటింగుకు ముందు ఎర్ర జరీ చీర ఒకటి తీసుకుని, దుకాణం దీపాల కిందే ఒక నిమిషం తీసి, మీ ఇంటి టీవీలో చూడమనండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక షట్టర్ 1/50 సెకను పెట్టాలి. లేకపోతే కొన్ని దీపాల కింద బొమ్మమీద చారలు పాకుతాయి. సన్నని గళ్లు అలల్లా కదులుతుంటే కెమెరాను కాస్త ముందుకో వెనక్కో జరపాలి.

ఇక భవిష్యత్తు. ముందు డిగ్రీ పూర్తి కానివ్వండి. పుణే ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సినిమా శిక్షణ సంస్థల్లో సినిమాటోగ్రఫీకి ఏ డిగ్రీ ఉన్నా ప్రవేశపరీక్ష రాయవచ్చు. ఈలోగా అనుభవమున్న కెమెరామన్ దగ్గర సహాయకుడిగా చేరితే లైటింగ్ చేతికి వస్తుంది. దుకాణం వారితో మాట్లాడిన 40 వేలలో కెమెరా అద్దె, హార్డ్ డిస్క్ ఖర్చు కలిశాయో లేదో ఇప్పుడే తేల్చుకోమనండి. కలవకపోతే వాటిని విడిగా రాసి, అడ్వాన్సులోనే తీసుకోవాలి.