జెర్రిపోతుకు జత నాగుపామా?

ప్రశ్న: తిరుపతిలో కపిలతీర్థం వైపు మా ఇల్లు. మొన్న వాన వెలిశాక పెరట్లోకి ఆరేడు అడుగుల పాము వచ్చి, గోడ పక్కనే సరసరా పాకి, ఖాళీ ప్లాటులోని పొదల్లో దూరింది. అది జెర్రిపోతు, దాని జత నాగుపాము కూడా ఇక్కడే ఉంటుంది, కనిపిస్తే కొట్టేయాల్సిందేనని పక్కింటాయన అంటున్నారు. చిన్నపిల్లలున్న ఇల్లు, భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ టెన్షన్ అర్థమైందమ్మా. ముందు ఆ జత మాట వదిలేయండి. పేరులో ‘పోతు’ ఉందని జెర్రిపోతులన్నీ మగవైపోవు, వాటిలోనే ఆడా మగా ఉంటాయి, నాగుపాము వేరే జాతి, రెండింటికీ జత కుదరదు. ఈ ఒక్క మాట నమ్మి మనవాళ్ళు ఎన్ని జెర్రిపోతుల్ని కర్రలతో కొట్టి చంపారో తలచుకుంటే బాధేస్తుంది. దానికి విషం లేదు. పగలు తిరుగుతుంది, ఎలుకల్ని తింటుంది, మనిషి అలికిడి వింటే పారిపోతుంది, మీ పెరట్లో చేసిందీ అదే.

అసలు చూడాల్సింది ఎలుకల సంగతి. శేషాచలం అంచున ఉన్న ఊరు మనది, కొండ నుంచి పాములు దిగడం కొత్త కాదు, కానీ హోటళ్ళ ఎంగిలి, ఇళ్ళ చెత్త తెచ్చి ఖాళీ ప్లాట్లలో పోస్తుంటే ఎలుకలు పెరిగి పాములు అక్కడే ఉండిపోతాయి. జెర్రిపోతును చంపినా ఎలుకలు ఉంటాయి, వాటి కోసం నాగుపామే రావచ్చు.

నాకు భయమేసేది కట్లపాముతోనే. నల్లగా, సన్నటి తెల్లటి కట్లతో ఉంటుంది, రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది, కింద పడుకున్నవాళ్ళను కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు, గాటు కనబడదు. అందుకే పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టి దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. అర్ధరాత్రి పిల్లలు కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. పామును చంపి తీసుకెళ్ళాల్సిన పనీ లేదు, మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. జెర్రిపోతే కరిచిందనుకున్నా ఒకసారి చూపించుకోండి, కంగారులో ఏ పామో పోల్చుకోవడం కష్టం.

ఆ పాము మళ్ళీ వస్తే దూరం జరిగి దారి వదలండి. ఇంట్లోకే దూరితే పిల్లల్ని బయటికి పంపి, ఎటు పోతోందో దూరం నుంచి కనిపెడుతూ అటవీశాఖ వాళ్ళకు చెప్పండి, 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని చంపడం నేరం కూడా. ఆ పొదలు కొట్టించి చెత్త ఎత్తించమని ప్లాటు యజమానిని మీరూ పక్కింటాయనా కలిసే అడగండి. పనివాళ్ళు పగలే, బూట్లు వేసుకుని దిగాలని మర్చిపోకుండా చెప్పండి.