శ్రావ్యకి, షూస్ కొనేముందు

శ్రావ్యా,

నీ మెసేజ్ చూశాను. కొత్త ఉద్యోగంలో పొద్దస్తమానం నిలబడే ఉండాలని, మూడంగుళాల హీల్‌తో ముందు మొన తేలిన షూస్ చూసి పెట్టుకున్నానని రాశావు. "పర్వాలేదా పెద్దమ్మా?" అని అడిగావు. ఫిజియోథెరపిస్టుగా పనిచేసినన్నాళ్లూ ఆడవాళ్ల పాదాల నొప్పులు చూస్తూనే ఉన్నాను కాబట్టి ఒక్క ముక్కలో జవాబివ్వలేను. చక్కగా తయారవడం మానుకోమని మాత్రం చెప్పను. నొప్పి పడితేనే అందం అన్న మాట మాత్రం నమ్మకు.

అందరూ మడమ ఎత్తు గురించే టెన్షన్ పడతారు. నేనైతే ముందు వేళ్ల దగ్గర ఎంత చోటుందో చూస్తాను. ఒక పని చెయ్యి. సాయంత్రం తెల్లకాగితం నేలమీద పెట్టి దాని మీద నిలబడు. కూర్చుని వద్దు, బరువు పడితేనే పాదం పూర్తిగా విచ్చుకుంటుంది. మీ అమ్మని పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయమను. నువ్వే వంగి గీస్తే బరువు ఒకవైపుకి పడి కొలత మారిపోతుంది. ఇప్పుడు ఆ గీత మీద నీ షూ పెట్టు. బొటనవేలి పక్కన, చిటికెనవేలి పక్కన గీత బయటికి కనిపిస్తే, ఆ మేరకు నీ వేళ్లు రోజంతా ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయన్నమాట.

అలా నొక్కుకున్న వేళ్లు ఏళ్ల తరబడి ఊరుకోవు. బొటనవేలు పక్కవేలి మీదికి వాలుతుంది, దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకొస్తుంది. దాన్నే ఇంగ్లీషులో బనియన్ (bunion) అంటారు. మీ అమ్మమ్మ పాదం చూశావు కదా, అదే. పాదం తీరుని బట్టి ఇది కొన్ని కుటుంబాల్లో వస్తూ ఉంటుంది, కాబట్టి నువ్వు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి ఎముక పక్కకి జరిగాక పట్టీలు కట్టినా, వేళ్ల మధ్య మెత్తలు పెట్టినా అది పూర్వపు స్థితికి రాదు. వెడల్పాటి షూస్ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, అంతే. సరిచేయాలంటే ఆపరేషనే. ఇక చిటికెనవేలి మీద ఆనెలు, గోరు చర్మంలోకి దిగబడటం కూడా ఈ ఇరుకు వల్లే ఎక్కువ. అరికాలి ముందుభాగంలో గులకరాయి మీద అడుగేసినట్టు ఉండి, మూడో వేలు, నాలుగో వేలు మంటగా, తిమ్మిరిగా ఉంటే, అక్కడి నరం చుట్టూ ఉన్న పొర మందంగా అయిందేమో చూపించుకోవాలి. దాన్ని షూ కరవడమనుకుని చాలామంది బ్యాండేజ్ వేసి వదిలేస్తారు.

ఇక హీల్. చెప్పుల్లేకుండా నిలబడితే బరువు మడమకీ ముందుభాగానికీ పంచుకుంటుంది. మడమ లేచేకొద్దీ ఆ బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. పైగా పాదం కిందికి జారి మొనలోకి దిగబడుతుంది. అందుకే నువ్వు చూసి పెట్టుకున్న జత నాకు నచ్చలేదు, ఎత్తూ ఇరుకూ రెండూ ఒకేదాంట్లో ఉన్నాయి. రోజూ వేసుకునేదైతే రెండంగుళాలు దాటనివ్వకు. సన్నటి హీల్ కంటే వెడల్పాటి బ్లాక్ హీల్ తీసుకో, చీలమండ మడతపడే ప్రమాదం తగ్గుతుంది. పాదం పైన స్ట్రాప్ ఉంటే ఇంకా మంచిది, ముందుకి జారకుండా పట్టి ఉంచుతుంది. పెళ్లికో పార్టీకో కాసేపు ఎత్తు హీల్స్ వేసుకుంటే కొంపలేమీ మునగవు.

"ఫ్లాట్‌గా ఉన్నవి వేస్తేనే నాకు నొప్పి, హీల్సే హాయి" అనేవాళ్లు నీకు ఆఫీసులో తప్పకుండా కనిపిస్తారు. హీల్స్ వాళ్లకి పడ్డాయని కాదు, ఏళ్లపాటు మడమ పైకెత్తి నడిచి పిక్క కండరం కురచబడింది, మడమ వెనక స్నాయువు బిరుసెక్కింది. అలాంటివాళ్లు ఒక్కసారిగా హీల్స్ మానేసినా నొప్పే. కొద్దికొద్దిగా ఎత్తు తగ్గించుకుంటూ రావాలి. నువ్వు ఆ దాకా వెళ్లకుండా ఇప్పటి నుంచే రోజూ ఇది చెయ్యి: గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మడమ నేలకి ఆనించి, మోకాలు వంచకుండా ముందుకి వాలు. పిక్క లాగుతున్నట్టు తెలుస్తుంది. 30 సెకన్లు ఉంచు, ఒక్కో కాలికి మూడేసి సార్లు.

ఇదంతా చదివి అట్టముక్కలాంటి పల్చటి ఫ్లాట్స్ కొనేవు. వాటిలో మడమకీ అరికాలి వంపుకీ ఏ ఆసరా ఉండదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి వస్తోందని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇలాంటి ఫ్లాట్సూ, పల్చటి స్లిప్పర్లూ వేసుకునేవాళ్లు చాలామంది.

షాపుకి సాయంత్రం వెళ్లు, ఆ వేళకి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రెండు పాదాలూ సమానంగా ఉండవు, పెద్దదానికి సరిపోయే జత తీసుకో. అన్నిటికంటే పొడుగు వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి, అది రెండో వేలు కూడా కావచ్చు. సైజు నంబరు కంపెనీకో రకంగా ఉంటుంది కాబట్టి వేసుకుని గట్టి నేల మీద నడిచి చూడు. "నాలుగు రోజులు వేస్తే అదే సాగుతుందండీ" అంటారు. తోలు వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడవులో సాగదు. షాపులోనే కరిచిన షూ ఇంటికొచ్చాక మెత్తబడుతుందని ఆశపడకు.

చేరేముందు ఆఫీసులో అసలు రూల్ ఏముందో అడుగు. 2015లో లండన్‌లో నికోలా థోర్ప్ అనే అమ్మాయిని రిసెప్షన్ పనిలో హీల్స్ వేసుకోనన్నందుకు జీతం లేకుండా ఇంటికి పంపేశారు. ఆమె పెట్టిన పిటిషన్ మీద లక్షన్నర మందికి పైగా సంతకం చేశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2017లో ఉద్యోగినులని హీల్స్ కోసం బలవంతపెట్టకూడదని నిబంధనే తెచ్చారు. అడగడానికి నువ్వు మొహమాటపడక్కర్లేదు. ఒకవేళ తప్పదంటే, రాకపోకలకి స్పోర్ట్స్ షూస్ వేసుకుని, హీల్స్ బ్యాగులో పెట్టుకెళ్లు. కూర్చున్నప్పుడల్లా విప్పి వేళ్లు విడదీసి ఆడించు.

షూ మార్చినా రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గకపోతే, లేదా తిమ్మిరి అలాగే ఉండిపోతే డాక్టర్‌కి చూపించు.

మీ అమ్మ విషయం కూడా చెప్పాలి. తనకి షుగర్ ఉంది కదా, ఆ ఇరుకు చెప్పులు ఇక తీసేయమను. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే బొబ్బ లేచినా తెలియదు, అదే పుండవుతుంది. రోజూ రాత్రి అరికాళ్లూ వేళ్ల సందులూ చూసుకోమను. తనకి వంగడం కష్టమైతే నువ్వే చూడు. చెప్పుల్లో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి లోపల రాయీ రప్పా ఏమీ లేదని చూసుకోమను. ఈ ఆదివారం ఫోన్ చేసి తనతో నేనూ మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ