చింతగింజలతో పోకర్

కావలి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

ఒంగోలు హాస్టల్లో నువ్వు అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్‌లో పేకముక్కలు చూస్తూ కూర్చుంటున్నావని మీ అమ్మకి ఒకటే టెన్షన్. "నీ పోలికే వచ్చింది అన్నయ్యా" అని తప్పు నా మీదికే తోసింది. మర్నాడు నువ్వే ఫోన్ చేసి, పోకర్ నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి మామయ్యా అన్నావు. ఫోన్లో తేలే మాట కాదని ఇలా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే పోకర్ మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ అందులోకి వచ్చేశాయి. 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆట అన్నదనీ, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే అనీ మేం క్లబ్బులో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ తీర్పు ఇప్పుడు నీకు అక్కరకు రాదు. వేరే దేశం సైటని, వీపీఎన్ అని ఎవడైనా దారి చూపిస్తే అటు పోవద్దు. మేం నలుగురం, అందరం రిటైరైన వాళ్ళమే, మా మేడ మీద చింతగింజలతో ఆడుకుంటున్నాం. మొన్న ఒకాయన తొంభై గింజలు పోగొట్టుకుని రాత్రంతా నిద్రపోలేదట. గింజలకే అంత బాధుంటే ఆట నేర్చుకోవడానికి అంతకంటే పందెం ఎందుకు?

సాఫ్ట్‌వేర్ అన్నావు. నీకు ఇప్పుడు కొనాల్సిందేమీ లేదు. గెలుపు శాతం చెప్పే కాలిక్యులేటర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఒకరి చేతిలో ముక్కలు, ఎదుటివాడి చేతిలో ముక్కలు ఇస్తే ఎవరు నూటికి ఎన్నిసార్లు గెలుస్తారో చెబుతుంది. దాన్ని వాడే పద్ధతి ఒకటుంది. బటన్ నొక్కేముందు నీ అంచనా కాగితం మీద రాసుకో, తర్వాత నొక్కు. ఆసుల జతకీ రాజుల జతకీ పోటీ పెడితే ఆసులు 82 సార్లు గెలుస్తాయి. అది దాదాపుగా ఊహించగలవు. వేర్వేరు రంగుల ఆసూ రాజూ ఒకవైపు, రెండ్ల జత ఇంకోవైపు పెట్టి చూడు. నేను ఆసు-రాజుకి డెబ్బై రాశాను. ఆ బుల్లి రెండ్లే సగం కంటే కాస్త ఎక్కువసార్లు గెలుస్తాయని తెలిసి నోరెళ్ళబెట్టాను. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో లెక్క తప్పని వాణ్ణి కదా, నాకే అంత తప్పింది. నెల రోజులు ఇదొక్కటే చెయ్యి.

దాని తర్వాతిది పాట్ లెక్క. దీనికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. పాట్‌లో, అంటే అందరి పందేలూ చేరే కుప్పలో, 100 గింజలున్నాయి, ఎదుటివాడు 50 వేశాడు. నువ్వూ 50 వేస్తే మొత్తం 200 అవుతుంది. అందులో నీ వాటా నాలుగో వంతు కాబట్టి నూటికి 25 సార్లైనా గెలిచే చెయ్యి ఉండాలి. నీ చేతిలో రెండు, మధ్యలో అందరికీ కలిపి పరిచిన నాలుగు, ఈ ఆరు ముక్కల్లో నీకు ఇస్పేట్లు నాలుగున్నాయి, ఇంకొక్కటి పడితే ఫ్లష్ (ఒకే రంగువి ఐదు), పడాల్సింది ఇంకొక్క ముక్కే. కనబడని 46 ముక్కల్లో ఇస్పేట్లు 9. అంటే నూటికి 20 కూడా లేదు. ఇస్పేటు పడ్డాక వాడి దగ్గర ఇంకొన్ని గింజలు లాగగలనన్న నమ్మకం ఉంటే తప్ప ముక్కలు పడేసి తప్పుకోవాల్సిందే. ఇది నిద్రలో అడిగినా చెప్పగలగాలి.

ఇక నీ మనసు లాగుతున్నది సాల్వర్ మీదికని, అంటే ఏ చేతికి ఎలా ఆడాలో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రామ్ మీదికని నాకు తెలుసు. అది మంచి పనిముట్టే. 2015లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్ (పందేనికి పరిమితి ఉన్న పోకర్ రకం) లెక్క తేల్చేశామని ప్రకటించారు. 2017 జనవరిలో లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళతో 1,20,000 చేతులు, అంటే అన్ని పంపకాలు, ఆడి గెలిచింది. వీటి వెనక ఉన్న పద్ధతి పేరులో 'రిగ్రెట్' అనే మాట ఉంది, పశ్చాత్తాపం అన్నమాట. యంత్రం తనతో తానే కోట్లసార్లు ఆడుతూ, ఇక్కడ ఇది కాక అది చేసుంటే ఎంత మిగిలేది అని ప్రతి మలుపులోనూ కొలుచుకుంటుంది. మనకీ పశ్చాత్తాపం ఉంది కానీ అది పోయిన గింజల మీద. తప్పు చేసి గెలిచిన రోజు మనకి రాదు, యంత్రానికి ఆ రోజూ వస్తుంది. నేను దాని దగ్గర నేర్చుకున్నది ఇదే.

సాల్వర్ చెప్పిందంతా వేదం అనుకోకు. ఎదుటివాడి దగ్గర ఏయే చేతులు ఉండొచ్చో, ఎంతెంత వేయొచ్చో చెప్పాల్సింది మనం. మొలగొలుకుల వడ్లు చల్లకుండా మొలగొలుకులు కోయలేం కదా. పైగా ఎదుటివాడూ తనంత తెలివైనవాడే అనుకుని అది జవాబిస్తుంది. ఉదాహరణకి, చివరి ముక్క పడ్డాక పాట్ అంత పందెం వేసేటప్పుడు మూడింట ఒకటి బ్లఫ్ (మంచి ముక్కలు లేకుండా వేసే బెదిరింపు పందెం) ఉండాలంటుంది. ఎందుకో కాగితం మీద వేసి చూడు, పై పాట్ లెక్కలోంచే వస్తుంది. కానీ మా మేడ మీద ఒకాయన ఏ చెయ్యొచ్చినా పడేయడు. ఆయన మీద బ్లఫ్ వేస్తే గింజలు పెన్నలో పోసినట్టే. కొన్ని చేతులకి నూటికి అరవై సార్లు పందెం వెయ్యి, నలభై సార్లు ఆగు అని సాల్వర్ చెబుతుంది. కంగారుపడకు, అక్కడ రెంటి ఫలితం దాదాపు సమానమని అర్థం. పైరసీ కాపీలు మాత్రం దించుకోవద్దు, ముక్కల లెక్కతో పాటు నీ పాస్‌వర్డ్‌లు కూడా తేలిపోతాయి.

ఆట నడుస్తుండగా సాల్వర్ తెరిచావంటే అది పరీక్ష హాల్లో చీటీ పెట్టడమే. ఉత్తుత్తి చిప్స్ ఆటలోనైనా సరే.

ఆడిన చేతులు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. ఏం జరిగిందో కాదు, ఎందుకు వేశావో రాయి. నేను 1994లో క్లబ్బులో రమ్మీ ఆడే రోజుల్లో, మొత్తమ్మీద లాభంలోనే ఉన్నానని మీ అత్తయ్యతో వాదించేవాణ్ణి. ఆవిడ విసిగిపోయి గోడ క్యాలెండర్ చేతికిచ్చి, రోజూ రాయమంది. ఆరు నెలలు రాశాను. కూడితే రెండు నెలల జీతం పోయింది. గెలిచిన రోజులు గుర్తున్నాయి, పోయినవి లేవు. అంతకంటే పెద్ద సంగతి, నాతో ఆడినవాళ్ళు నాకంటే గొప్పవాళ్ళేం కాదు. ఆటకింత అని క్లబ్బు తీసే కట్ కూడితే నా నష్టంలో సగం పైగా అదే. ఆ క్యాలెండర్ ఇంకా బీరువాలో ఉంది. నేనెప్పుడు నోరు జారినా మీ అత్తయ్య దాన్ని బయటికి తీస్తుంది.

పండక్కి వచ్చేటప్పుడు ఈ లెక్క చేసుకురా. నీ చేతిలో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది. మధ్యలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు, డైమండ్ ఆరు, ఇస్పేటు రెండు. ఇంకొక్క ముక్క పడాలి. ఎదుటివాడికి రాజుల జత కుదిరిందని నమ్ము. పాట్‌లో 120 ఉంది, వాడు 120 వేశాడు, ఆ తర్వాత ఎవరూ ఇంకేం వేయరు. ఆడతావా, పడేస్తావా? కాలిక్యులేటర్ ముట్టుకోకుండా చెయ్యాలి. ఏ ముక్కనీ రెండుసార్లు లెక్కపెట్టకు. నేను మొదటిసారి అక్కడే బోల్తాపడ్డాను.

మీ మామయ్య